బాస్కెట్‌బాల్‌లో పరుగులో పాస్ అందుకుంటే జంప్ స్టాప్ చెదిరిపోతోంది, ఏం చేయాలి?

పిల్లలు 14 మంది, వయసు 9–10 ఏళ్లు, 5వ సైజు బంతి. వారానికి 3 రోజులు ప్రాక్టీస్, ప్రతిసారీ మొదటి 15 నిమిషాలు ఫుట్‌వర్క్‌కే.

బంతి లేకుండా జంప్ స్టాప్ (చిన్నగా దుమికి రెండు పాదాల మీదా ఒకేసారి ఆగడం) చక్కగా వేస్తున్నారు. రెండు పాదాలూ ఒకేసారి నేలకు ఆనుతున్నాయి, మోకాళ్లు వంగుతున్నాయి, తల నిలకడగా ఉంటోంది. చిక్కంతా పరుగులో పాస్ అందుకున్నప్పుడే. బంతి గాల్లోనే చేతికి చిక్కుతుంది, కానీ కుడి పాదం ముందు పడి, ఎడమది రెప్పపాటు ఆలస్యంగా పడుతుంది. బరువు మునివేళ్ల మీదికి వెళ్లి ఒళ్లు ముందుకు తూలుతుంది, నిలదొక్కుకోవడానికి కుడి పాదం ఎత్తి మళ్లీ వేస్తారు. ముందు పడిన పాదమే పివట్ (బంతి చేతిలో ఉండగా ఎత్తి మళ్లీ వేయకూడని పాదం) కాబట్టి అది ట్రావెలింగే, అంటే అడుగుల తప్పే.

5 వారాలుగా ఇవి చేశాను: గీత మీద ఆగమనడం, వేగం సగానికి తగ్గించడం, 3 మీటర్ల నుంచి బౌన్స్ పాస్ (నేలకు కొట్టి అందించే పాస్), బంతిని తామే ముందుకు వేసుకుని పట్టుకోవడం. “ఒక్కటే చప్పుడు వినపడాలి” అన్న మాట అన్నిటికన్నా బాగా పనిచేసింది, అదీ నడక వేగం వరకే. ఫోన్‌లో స్లో మోషన్‌లో చూస్తే అసలు తప్పు ఆగేటప్పుడు కాదు, అంతకు ముందే ఉంది: చివరి అంగ మరీ పొడవుగా వేసి, నేలకు దగ్గరగా దుమకాల్సింది పోయి ఎత్తుగా ఎగురుతున్నారు.

పూర్తి వేగంలో కూడా చివరి అంగ పొట్టిగా వేసి, తక్కువ ఎత్తులో దుమికేలా ఈ వయసు పిల్లలకు అలవాటు చేసిన డ్రిల్ మీ దగ్గర ఏముంది?