అప్‌డేట్: దుకాణం పేజీ నుంచి జవాబులు ఇవ్వలేకపోవడం – పరిష్కారమైంది

మల్లేశ్వరంలో మా వదినగారు నడిపే పచ్చళ్ల దుకాణం ఫేస్‌బుక్ పేజీ కొత్త రూపంలోకి మారాక, ఆవిడ జవాబులు సొంత పేరుతో వెళ్తున్నాయనీ, కౌంటర్లో ఉండే అమ్మాయి అసలు పేజీలోకే వెళ్లలేకపోతోందనీ ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ముందు పేజీలోకి మారి తర్వాత రాయమన్న సలహాతో మొదటి చిక్కు తీరింది. మెనూలో దుకాణం బొమ్మను నొక్కి అటు మారితే, ‘మాగాయ అరకిలో ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబు దుకాణం పేరుతోనే వెళ్తోంది.

రెండోదాన్ని ఇలాంటి పేజీలు చూసే ఒక నిపుణురాలు తేల్చారు. పాత పద్ధతిలో మోడరేటర్‌గా (కామెంట్లు, మెసేజ్‌లు చూసుకునే వ్యక్తిగా) ఉన్న ఆ అమ్మాయికి కొత్త పద్ధతిలో టాస్క్ యాక్సెస్ (కొన్ని పనులకే అనుమతి) మాత్రమే వచ్చింది; దానితో పేజీలను నిర్వహించే విడి సాధనమైన బిజినెస్ సూట్‌లో పని చేయవచ్చు గాని, ఫేస్‌బుక్‌లో పేజీలోకి మారడం కుదరదు. పేజీ యాక్సెస్ సెట్టింగులో ఆమెకు ఫేస్‌బుక్ యాక్సెస్ ఇచ్చి, పూర్తి నియంత్రణను వదినగారి దగ్గరే ఉంచాం. పూర్తి నియంత్రణ ఉన్నవారు ఇతరులను తొలగించగలరు, పేజీనే తీసేయగలరు కనుక, చిన్న దుకాణాలకు ఇదే క్షేమమని నా గట్టి అభిప్రాయం.

యాప్ తీసేసి మళ్లీ వేసుకోవడం వల్ల ప్రయోజనం కలగలేదు. లైకుల సంఖ్య కనిపించకపోవడానికీ దీనికీ సంబంధం లేదు. కొత్త పేజీల్లో ఫాలోవర్ల లెక్కకే ప్రాధాన్యం. వేరే పేజీ తెరవాల్సిన అవసరమూ రాలేదు.