గుండె అదిరిన రోజు జ్ఞాపకం తప్పవుతుందా?

సందేహి
1977లో బ్రౌన్, కులిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ‘ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం’ అన్న మాట తెచ్చారు. పిడుగులాంటి వార్త విన్న క్షణం ఫొటో తీసినట్టు నిలిచిపోతుందట. మీరు ఒప్పుకుంటారా?

వెన్నెల
ఒప్పుకోక? నాన్న పోయారని ఫోను వచ్చినప్పుడు తల దువ్వుకుంటున్నాను. దువ్వెనకు రెండు పళ్లు విరిగి ఉన్నాయి. పన్నెండేళ్లయినా కళ్లకు కట్టినట్టుంది.

పాతకాపు
కళ్లకు కట్టినదంతా జరిగినట్టు కాదండీ. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలింది. ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో నైసర్, హార్ష్ అనే పరిశోధకులు మరునాడే విద్యార్థుల చేత రాయించి పెట్టుకున్నారు. రెండున్నరేళ్లు దాటాక మళ్లీ అడిగితే 44 మందిలో 11 మంది చెప్పిన ముఖ్య వివరాల్లో ఒక్కటీ పాతదానితో కలవలేదు. తమ చేతిరాతే చూపించినా అసలు సంగతి గుర్తుకు రాలేదు.

వెన్నెల
వాళ్లది వార్త. నాది కన్నతండ్రి. రెండూ ఒకటేనా?

మిణుగురు
దువ్వెన పళ్లు లెక్కపెట్టడం ఇప్పుడు అవసరమా?

పాతకాపు
అవసరమే. భయంలో, బాధలో చూపంతా ఒక్కచోటికి పోతుంది. కత్తిని చూసినవాడికి కత్తి గుర్తుంటుంది, పట్టుకున్నవాడి ముఖం ఉండదు. మరణవార్త వింటూ పళ్లు లెక్కపెట్టారా?

సందేహి
అలాగని భావోద్వేగాన్ని కొట్టిపారేయలేం. 1994లో కేహిల్ అనే శాస్త్రవేత్త బృందం, ఉద్వేగంలో ఒంట్లో ఊరే అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే ప్రొప్రానొలాల్ మాత్ర ఇచ్చి ఒక కథ చెప్పింది. మాత్ర వేసుకున్నవారికి కథలోని విషాద ఘట్టం మిగతా భాగం కంటే ఎక్కువేమీ గుర్తులేదు. వేసుకోనివారికి గుర్తుంది. అంటే ఉద్వేగం జ్ఞాపకాన్ని గట్టిపరుస్తున్నట్టే కదా!

పాతకాపు
గట్టితనం వేరు, నిజం వేరు. 2001 సెప్టెంబరు 11 దాడుల మరునాడు టలారికో, రూబిన్ అనే పరిశోధకులు 54 మంది విద్యార్థులను ఆ వార్త విన్న క్షణం గురించీ, ఒక మామూలు రోజు గురించీ అడిగారు. నెలలు గడిచేకొద్దీ ఆ జ్ఞాపకమూ, మామూలు రోజు జ్ఞాపకమూ ఒకేలా చెదిరాయి. చెదరనిది దాడి జ్ఞాపకం మీది నమ్మకం.

వెన్నెల
నన్ను అబద్ధాలకోరు అనండి, తీరిపోతుంది! మా అక్క అంటున్నదీ అదే. ఫోను తనే ఎత్తిందట, నేను నిద్రలో ఉన్నానట. బంధువులందరి ముందూ అంది. ఆ రోజు నాన్న కోసం మేలుకుని ఉన్నది నేను కాదట!

పాతకాపు
అబద్ధమని ఎక్కడన్నాను? నా గోడు వినండి. దొంగతనం కేసులో ఒకావిడ నన్ను చూపించి ‘ఇతనే, ఈ కళ్లు చచ్చేదాకా మరిచిపోను’ అంది. ఏడుస్తూ అంది. ఆవిడా అబద్ధమాడలేదు. నేను ఆ రాత్రి ఊళ్లోనే లేను. టికెట్టు ముక్క దొరికింది కాబట్టి బయటపడ్డాను. అప్పటినుంచి ‘కళ్లకు కట్టినట్టుంది’ అంటే ఒళ్లు జలదరిస్తుంది.

వెన్నెల
నా దువ్వెన ఎవరినీ జైలుకు పంపదు కదా.

పాతకాపు
పంపదు. ఆ మాట ఒప్పుకుంటాను.

మిణుగురు
అక్కగారి జ్ఞాపకమూ ఆ రోజుదే. అదీ తప్పు కావచ్చుగా?

వెన్నెల
పాతకాపు గారూ, ఆ 11 మంది సంగతి ఇంకోసారి వివరంగా రాయండి. అక్కకు పంపాలి.