చిన్న దేశాల వాతావరణ హామీలు: ఈ శాతాలను పోల్చొచ్చా?

శ్రీను_గ్రూప్స్ (విజయనగరం):
ప్యారిస్ ఒప్పందం ప్రకారం ప్రతి దేశమూ ఐదేళ్లకోసారి కొత్త ఎన్‌డీసీ (పొగ ఎంత తగ్గిస్తామో చెప్పే హామీ పత్రం) ఇవ్వాలి, అది పాతదానికంటే మెరుగ్గా ఉండాలి అని చదివాను. మారిషస్ 2015లో 30 శాతం తగ్గిస్తామంది, 2021లో దాన్ని 40 చేసింది. మార్షల్ దీవులు 2030కి 45, 2035కి 58 అంటున్నాయి. మాల్దీవులు 2020లో 26 శాతం అని, బయటి సాయం అందితే 2030కల్లా నెట్ జీరో (వదిలే పొగ, వెనక్కి తీసుకునే పొగ సమానం) అన్నాయి. వీటిని ఒక పట్టికలో పెట్టి పోల్చొచ్చా? అసలు ప్రపంచం మొత్తం పొగలో వీళ్లది ఆవగింజంత కదా, ఎందుకింత హడావుడి?

బాయిలర్_మాస్టారు:
పట్టిక వేస్తే దేనిమీద తగ్గింపో ఇంకో గడి పెట్టు బాబూ. మార్షల్ దీవులు 2010లో నిజంగా వదిలిన పొగమీద తగ్గిస్తామంటున్నాయి. మారిషస్ 40 శాతం అలాంటిది కాదు. ఏమీ చేయకుండా వదిలేస్తే 2030కి ఎంతవుతుందో అంచనా వేసి, అందులో కోత చెప్పారు. అంచనా పెద్దదిగా వేసుకుంటే కోతా పెద్దగానే కనిపిస్తుంది మరి.

నేను చక్కెర మిల్లు బాయిలర్ హౌసులో తల నెరిసినవాణ్ని. కొన్నాళ్లు మారిషస్‌లోనూ చేశాను. అక్కడ ఉగాదికి సెలవిస్తారు, మన తాతల కాలంలో కూలికి వెళ్లినవాళ్ల పుణ్యమా అని. 2021 పత్రంలో శాతం ఒక్కటే కాదు, 2030కి బొగ్గు మానేస్తాం, కరెంటులో 60 శాతం పునరుత్పాదకమే ఉంటుంది అనీ ఉంది. నాకు చిక్కు అక్కడే కనిపిస్తుంది.

మిల్లు బాయిలర్లో బొగ్గుకి బదులు కాల్చేది చెరకు పిప్పి. వంద టన్నుల చెరకు ఆడితే ముప్ఫై టన్నుల దాకా పిప్పి వస్తుంది, అందులో సగం నీళ్లే. కిలో బొగ్గిచ్చే వేడికి సుమారు మూడు కిలోల పిప్పి పోయాలి. అక్కడి ప్లాంట్లు మన పాత మిల్లుల్లాంటివి కావు, 82 బార్ ఆవిరి ఒత్తిడిమీద నడిచే బాయిలర్లు. మిల్లు నడిపి, మిగిలిన కరెంటు గ్రిడ్‌కి ఇస్తాయి. కానీ క్రషింగ్ (చెరకు ఆడటం) జూన్, జులైల్లో మొదలై డిసెంబరుకల్లా అయిపోతుంది. ఆ తర్వాత అదే బాయిలర్లోకి దక్షిణాఫ్రికా బొగ్గు. ఆ ఆఫ్ సీజన్ నెలలకి ఏం పోస్తారో చెప్పనిదే, బొగ్గు మానేస్తామన్న మాట నాకు సగం మాటే.

పైగా చెరకే తగ్గిపోతోంది. యూరప్ చక్కెరకి ఇచ్చే గ్యారంటీ ధరలో 2006 నుంచి 2009 లోపు 36 శాతం కోత పడింది. చిన్న రైతులు చాలామంది చెరకు వదిలేశారు, కొన్ని తోటల్లో విల్లాలు లేచాయి. ఇప్పుడు ఆ దేశం మొత్తానికి మిల్లులు మూడే.

ఇక డబ్బు. ఆ పత్రంలో అడిగింది 650 కోట్ల డాలర్లు, అందులో 65 శాతం బయటినుంచి రావాలి. కాబట్టి పట్టికలో ‘షరతు’ అని ఇంకో గడీ పెట్టుకో.

మాలే_లెక్కల_టీచర్:
మాస్టారు చెప్పిన షరతు గడి మా మాల్దీవుల్లో ఇంకా ముఖ్యమండీ. ఇక్కడ మనిషి ఉన్న ప్రతి దీవికీ సొంత డీజిల్ జనరేటర్, ఆ డీజిల్ పడవమీద రావాలి. సోలార్ పెడదామంటే నేల ఎక్కడిది? కప్పులు, లేదంటే రోడ్డు పక్క. హుళుమాలే దీవికి వెళ్లే దారి పొడవునా ప్యానెళ్లు నిలబెట్టింది అందుకే. 2028కి కరెంటులో 33 శాతం పునరుత్పాదకం అన్నారు. ఇక హడావుడి ఎందుకంటారా? ఈ దేశంలో నేల చాలావరకు సముద్రానికి మీటరు ఎత్తుకూడా లేదు. మేం ఇంత చేస్తున్నాం, మీ సంగతేంటి అని పెద్ద దేశాల్ని నిలదీయాలంటే ముందు తమ కాగితం చేతిలో ఉండాలి కదా.

శ్రీను_గ్రూప్స్:
మాస్టారూ, ఒక్క సందేహం. పిప్పి కాల్చినా పొగే వస్తుంది కదా, దాన్నెందుకు లెక్కలో వేయరు?

బాయిలర్_మాస్టారు:
చిమ్నీలోంచి పోయే కార్బన్ డయాక్సైడును మళ్లీ మొలిచే చెరకు పీల్చుకుంటుందని, ఇంధనం పద్దులో సున్నా వేస్తారు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం వేయాలి.

బొగ్గు తగ్గించడానికి పొలంలో మిగిలే ఎండాకుని బేళ్లు కట్టి తెచ్చి, పిప్పిలో కలిపి కాల్చడం కూడా అక్కడ మొదలుపెట్టారు. బాగానే ఉంది గానీ, ఆకులో పొటాష్ ఎక్కువ. పాళ్లు మించితే బూడిద కరిగి, ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్ ట్యూబులమీద రాయిలా పట్టేస్తుంది. బాయిలర్ ఆపి, చల్లారాక మనిషి లోపలికెళ్లి కొట్టి రాల్చాల్సిందే. అందుకని ఎంత ఆకు కలపాలన్నది షిఫ్టు ఇంచార్జి చూసుకుంటాడు.