న్యూక్లియస్ స్పిన్ చూడ్డానికి లేజర్ ఎందుకు? ఎన్ఎమ్ఆర్ (రేడియో పల్సులతో స్పిన్‌ని తిప్పి, కాయిల్‌తో సిగ్నల్ చదివే పద్ధతి) చాలదా?

ఆమదాలవలస కుర్రోడు:
ఎమ్మెస్సీ సెమినార్‌కి యూరోపియం కలిపిన యిట్రియం సిలికేట్ స్ఫటికం తీసుకున్నాను. 2015లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు అందులో న్యూక్లియస్ స్పిన్ (అంటే దాని బుల్లి అయస్కాంతం) కొహెరెన్స్, అంటే లయ తప్పకుండా ఊగడం, 6 గంటలు నిలుస్తుందని చూపించారు. "లేజర్‌తో సాధించారు" అని స్లైడ్ పెడితే మా సార్ కొట్టేశారు. స్పిన్‌ని తిప్పింది రేడియో పల్సులు, అది ఎన్ఎమ్ఆరే అంటారు. ఎవరు రైటు?

నాగావళి గట్టు:
మీ సారే, తమ్ముడూ. చలి 2 కెల్విన్. అయస్కాంత క్షేత్రాన్ని ఒక ప్రత్యేకమైన దిశలో, ప్రత్యేకమైన బలంతో పెడతారు. అక్కడ క్షేత్రం కాస్త ఊగినా స్పిన్ ఫ్రీక్వెన్సీ దాదాపు కదలదు. చుట్టూ యిట్రియం న్యూక్లియస్‌లు గోల చేస్తున్నా యూరోపియానికి వినపడదు. మిగిలిన గోలని రేడియో పల్సులు సర్దేస్తాయి. ఇందులో లేజర్ పనేటి?

బొబ్బిలి వీణ:
పనేటా? లేజర్ తీసేసి ఉత్త కాయిల్‌తో సిగ్నల్ చూపించండి మాస్టారూ! 2 కెల్విన్ దగ్గర 46 మెగాహెర్ట్జ్ తేడా ఉన్న రెండు స్పిన్ శక్తి మట్టాలు తీసుకోండి. కింది మట్టంలో ఉండే అదనం వెయ్యికి ఒకటి. అసలు యూరోపియమే పిసరంత. ఆ పిసరంతలో వెయ్యో వంతు ఏం కనిపిస్తుంది?

ఒక్కో అయాన్ చుట్టూ స్ఫటికం ఒక్కోలా నొక్కుకుని ఉంటుంది కాబట్టి యూరోపియం కాంతిని పీల్చే 580 నానోమీటర్ల గీత గిగాహెర్ట్జ్‌ల మేర పరుచుకుంటుంది. సన్నటి లేజర్ అందులోంచి ఒక గుంపుని ఏరి, హోల్ బర్నింగ్‌తో (తన రంగుని పీల్చే అయాన్లని వేరే మట్టానికి తరిమేయడం) దాదాపు అందర్నీ ఒకే మట్టంలోకి తోస్తుంది. పొందూరులో వాలుగ చేప దవడతో దూది ఏకుతారు చూడండి, అలాగ. చివర్లో చదివేదీ లేజరే: స్పిన్ ఊగుతుంటే కాంతి ఫ్రీక్వెన్సీ అంత మేర జరుగుతుంది, డిటెక్టర్ మీద ఆ బీట్ (పాత, కొత్త ఫ్రీక్వెన్సీల తేడా) పడుతుంది. రామన్ హెటెరోడైన్ అంటే అదే.

నాగావళి గట్టు:
ఏకడం, చదవడం లేజర్‌వే, ఒప్పుకున్నా. కానీ పొందూరులో ఏకేవాళ్లూ నేసేవాళ్లూ ఒకటి కాదు కదా అమ్మా. ఆ 6 గంటలు నేసింది క్షేత్రం, పల్సులు.

ఇంకోటి తమ్ముడూ, ఆ 6 గంటలు స్పిన్‌వి, వెలుగుని ఆపినవి (వెలుగు పల్సుని స్ఫటికంలో దాచి మళ్లీ బయటికి తీయడం) కావు. 2013లో డార్మ్‌స్టాట్‌లో ప్రెసియోడిమియం స్ఫటికంలో వెలుగుని నిలిపింది ఒక నిమిషం. 2021లో చైనాలో యూరోపియంతో గంట.

ఆమదాలవలస కుర్రోడు:
వాయమ్మో! మూడో స్లైడ్‌లో "వెలుగుని 6 గంటలు ఆపారు" అని పెద్దక్షరాల్లో పెట్టాను. సార్ ఇంకా అక్కడిదాకా రాలేదు.