కణమునుండెనా, కణమునందెనా?

చదువరి
బడిలో జీవశాస్త్రం చెప్పిన మాస్టారు కణ విభజన పాఠం మొదలుపెట్టేటప్పుడు ఒక ఆటవెలది అందుకునేవారు. మొదటి రెండు పాదాలే గుర్తున్నాయి.

కణమునుండె కణము గలుగు, వేఱొక రీతిఁ
గలుగదనుచుఁ బలికె ఘనుఁ డొకండు

మిగిలిన రెండు పాదాలు ఎవరికైనా వస్తే పూర్తి చేయండి. ఇంకొక చిక్కు కూడా ఉంది. మా తమ్ముడు అదే మాస్టారి దగ్గర చదివాడు, వాడు మాత్రం 'కణమునందె' అనే అంటాడు. ఏది సరైన పాఠం?

అరసున్న
ఛందస్సు దీన్ని తేల్చదు. 'నుండె' గలమే (ఒక గురువు, ఒక లఘువు), 'నందె' గలమే. యతి (పాదం మొదటి అక్షరంతో కలవవలసిన అక్షరం) క-గలకు, అందులో అభ్యంతరం లేదు. తేల్చవలసింది వ్యాకరణం. 'నుండి' మీద అవధారణ, అంటే నొక్కి చెప్పే 'ఎ', చేరితే 'నుండియె' అవుతుంది. 'నుండె' అని రాస్తే 'ఉండెను' అనే క్రియ వినిపిస్తుంది, వాక్యం కుంటుతుంది. పోనీ 'నుండియె' అని దిద్దుదామంటే గలం కాస్తా భగణమవుతుంది (గురువు, రెండు లఘువులు), సూర్యగణం (గలం గాని, మూడు లఘువుల నగణం గాని) ఉండవలసిన చోట అది కుదరదు. 'అందు' మీద 'ఎ' చేరి 'అందె' కావడం మాత్రం నిక్షేపంగా ఉంది. మీ తమ్ముడి చెవి మంచిది.

గాజుపలక
అరసున్న గారూ, గణాల విషయంలో మీతో పోటీ పడను. కాని 'నందె' అన్నారంటే పద్యం, ప్రతి కణమూ మరో కణం నుండే పుడుతుందన్న జర్మన్ వైద్యుడు విర్కో చేతిలోంచి జారి, వృక్షశాస్త్రజ్ఞుడు ష్లైడెన్ ఒళ్ళో పడుతుంది. 1838లో ష్లైడెన్ చెప్పింది అచ్చంగా అదే కదా: పాత కణం లోపల, కేంద్రకాన్ని ఆధారం చేసుకుని, స్ఫటికం పేరుకున్నట్టు కొత్త కణం పేరుకుంటుందని. మరుసటి ఏడు జర్మన్ శాస్త్రవేత్త ష్వాన్ కణ సిద్ధాంతాన్ని జంతువులకూ వర్తింపజేశాడు గాని, పుట్టుక దగ్గరికి వచ్చేసరికి ఆయనదీ ఆ ధోరణే. కాకపోతే కణాల వెలుపలి ద్రవ్యంలో కూడా కొత్త కణాలు పుడతాయన్నాడు. 1855లో విర్కో కొట్టేసింది ఈ వాదాన్నే. 'వేఱొక రీతిఁ గలుగదు' అని రెండో పాదంలో గద్దిస్తున్న కవి, ఎవరిని గద్దిస్తున్నాడో వారి మాటనే మొదటి పాదంలో పెడతాడా? శాస్త్రం ప్రకారం 'నుండె' తప్ప మరొకటి పొసగదు.

వలన-కంటె-పట్టి
నా పేరు చూస్తేనే నేనేమంటానో తెలిసి ఉంటుంది. 'నుండె'లో వ్యాకరణం లేదు, 'నందె'లో శాస్త్రం లేదు. రెండూ ఉన్న మూడో పాఠం మీ ఎదురుగానే ఉంది:

కణమువలనఁ గణము గలుగు, వేఱొక రీతిఁ

'వలనఁ' నగణం, చక్కగా కూర్చుంటుంది. పుట్టుకకు వలన వాడడం మన భాషకు కొత్తేమీ కాదు. 'మరి నొక్కి చెప్పే ఎ ఏదీ?' అని అడగవద్దు. 'వేఱొక రీతిఁ గలుగదు' అన్నాక ఆ నొక్కు ఎలాగూ పడింది. ఒకే మాటను రెండుసార్లు నొక్కేవాడు మంచి కవి కాడు.

గాజుపలక
'వలన' అంటే ఈనాటి పిల్లలకు కారణం స్ఫురిస్తుంది, 'వాన వలన బడి లేదు' అన్నట్టు. ఒక కణం ప్రేరేపిస్తే ఇంకెక్కడో మరో కణం పుట్టిందని అనుకుంటారు.

వలన-కంటె-పట్టి
పిల్లల కోసం విభక్తులను మార్చుకుంటూ పోతే చివరికి ప్రథమ ఒక్కటే మిగులుతుంది.

గజేంద్రుడు
ఇంత గొడవ దేనికి, పోతనను అడిగితే సరిపోయేది.

ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై
యెవ్వనియందు డిందు

పుట్టడానికి 'చే', ఉండడానికి 'లోపల', అణగిపోవడానికి 'అందు'. పాదమున్నర కూడా దాటకముందే మూడు దశలకు మూడు వేర్వేరు మాటలు అమర్చాడు మహానుభావుడు. 'అందు'ను లయానికి దాచి పెట్టుకున్నాడని గమనించండి. కణం పుట్టడానికి 'అందు' వాడితే అది పుడుతోందో కలిసిపోతోందో తెలియదు. కాబట్టి 'నందె' కొట్టివేత.

పైగా ఆ మొదటి పాదంలో యతి చూడండి, ఎంత మెత్తగా ఉందో! పదో అక్షరం పైకి 'మె' అని కనిపిస్తుంది, లోపల 'ఎ' దాక్కుని ఉంది. 'జగము'లోని మకారాన్ని విడదీస్తే గాని దొరకదు. ఈ ఒక్క పాదం మీద ఒక పూట గడపవచ్చు.

అరసున్న
స్వరయతి. ఛందస్సు మొదలుపెట్టిన వాళ్ళకు ముందుగా చూపించే ఉదాహరణ అది. ఇక విభక్తి మాట: విష్ణువు నాభియందు కమలం పుట్టిందంటే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదే? పుట్టిన చోటును చెప్పడానికి 'అందు' ఎప్పుడూ ఉన్నదే. పోతన ఒక చోట లయానికి వాడాడని మిగతా వాళ్ళందరి నుంచీ ఆ మాటను లాక్కోకూడదు.

గజేంద్రుడు
నాభిలో పుట్టిన కమలానికి నాభి చోటు. కమలం పుట్టాక నాభి అలాగే ఉంటుంది. ఇక్కడ తల్లి కణం అలాగే ఉంటుందా? గాజుపలక గారే చెప్పాలి.

గాజుపలక
మంచి ప్రశ్న. ఉండదు. సమవిభజనలో తల్లి అంటూ మిగలదు, ఉన్నదంతా ఇద్దరు పిల్లలై పోతుంది. ముందుగా కేంద్రకంలోని క్రోమోజోములు ఒక్కొక్కటి జంటగా తయారవుతాయి. మనిషి కణంలో 46 ఉంటే ఆ 46కూ నకళ్ళు ఏర్పడతాయి. కేంద్రక త్వచం విచ్చిపోతుంది. జంటలన్నీ కణం నడిమి తలంలో వరస కడతాయి. కండె పోగులు ఒక్కో జంటలోని రెంటినీ చెరో కొసకు లాగుతాయి. ఆ తరవాతే అసలు తమాషా. జంతు కణమైతే నడుము చుట్టూ బయటి నుంచి నొక్కు పడి, అది లోపలికి లోతై రెండుగా తెగిపోతుంది. మొక్క కణానికి చుట్టూ గట్టి కణకవచం ఉంది, నొక్కుదామన్నా లొంగదు. అందుకని అది తిరగేసి పని చేస్తుంది: నడిమధ్యన కణఫలకం మొదలై, అంచులవైపు పెరుగుతూ పోయి, రెండు పక్కలా పాత గోడకు అతుక్కుంటుంది.

అంటే జంతువులో బయటి నుంచి లోపలికి, మొక్కలో లోపలి నుంచి బయటికి. పరీక్షలో ఈ తేడా రాయమంటే చాలామంది సెంట్రియోల్ (జంతు కణాల్లో కండె కొసల దగ్గర ఉండే నిర్మాణం) ఒక్కటే రాసి ఊరుకుంటారు.

అరసున్న
మీ మాటల్లోనే నాకు బలం దొరికింది. మొక్కలో పాత గోడ లోపలే రెండు కణాలు ఏర్పడ్డాయి. కణమునందె కణము.

గాజుపలక
పాత గోడ లోపల అండి, పాత కణం లోపల కాదు! గోడ వేరు, కణం వేరు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినితో బెండులో చూసింది ఖాళీ గోడలను, వాటిలో ప్రాణం ఎప్పుడో పోయింది.

హరితరేణువు
ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను, ఇక ఆగలేను. 'నందె' పక్షానికి నిజంగా సాక్ష్యం కావాలంటే క్లోరెల్లాను పిలవండి. ఆ శైవలంలో తల్లి కవచం లోపలే విభజన జరిగి, పిల్ల కణాలు ఎవరి గోడ వాళ్ళు కట్టుకుని, పూర్తిగా తయారయ్యాక తల్లి గోడ పగిలితే బయట పడతాయి. అక్కడ 'నందె' అన్నా తప్పు పట్టేవాడు లేడు. ఈస్టుకు పోతే అది మరో దారి: మొగ్గ తొడుగుతుంది, మొగ్గ విడిపోయాక కూడా తల్లి తల్లిగానే ఉంటుంది. చెట్టు నుంచి పండు రాలినట్టు, అక్కడ 'నుండి' అన్న మాటకు నిండైన అర్థం. కాబట్టి ఏ జీవి మీద పద్యం చెప్పారో తెలియకుండా విభక్తి తేలదు.

ఇప్పుడు నా సొంత సిద్ధాంతం. 'కణమునందె కణము' అంటే మైటోకాండ్రియా, కణానికి శక్తినిచ్చే భాగం. నవ్వకండి. దానికి సొంత డీఎన్‌ఏ ఉంది, సొంత రైబోజోములున్నాయి, రెండు పొరలున్నాయి. కణం దాన్ని కొత్తగా తయారు చేయలేదు, ఉన్న మైటోకాండ్రియానే పెరిగి విడివడాలి. ఎప్పుడో ఒక కణం మింగిన బాక్టీరియా అరగకుండా లోపలే కాపురం పెట్టిందని 1967లో అమెరికన్ జీవశాస్త్రవేత్త లిన్ మార్గులిస్ వాదించింది, ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. నా పేరింటి వాళ్ళదీ, అంటే మొక్క కణాల్లోని హరితరేణువులదీ, అదే కథ. కణంలో కణం, అక్షరాలా.

వలన-కంటె-పట్టి
బాగుంది. అలాగైతే 'వేఱొక రీతిఁ గలుగదు' ఏమవుతుంది? మైటోకాండ్రియా తప్ప ఇంకే కణమూ లేదనా?

హరితరేణువు
అందుకే మిగిలిన రెండు పాదాలు కావాలంటున్నాను.

చదువరి
నేనూ అదే అడిగాను.

గాజుపలక
ఒక మాట. ఆ 'ఘనుఁ డొకండు' విర్కో అని ఇందాక చొరవగా అనేశాను, దానికి మాత్రం కట్టుబడే ఉన్నాను.

హరితరేణువు
ఘనుడు పిండశాస్త్రజ్ఞుడు రెమాక్ ఎందుకు కాకూడదు? కోడి పిండం రక్తంలో ఎర్ర కణాలు విడిపోవడాన్ని 1841లోనే చూశాడు. విభజనే కణాల పుట్టుకకు దారి అని విర్కో కంటే ముందే 1852లో ప్రకటించాడు. శ్రమ ఆయనది, సూక్తి విర్కోది. 'ఓమ్నిస్ సెల్యులా ఎ సెల్యులా' (ప్రతి కణమూ కణం నుండే) అన్న ఆ లాటిన్ సూక్తిని 1825లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త రస్పాయ్ వాడాడు కూడా. 'ఒకండు' అని పేరు చెప్పకుండా దాటవేసిన కవి చాలా తెలివైనవాడు.

అరసున్న
పేరు చెప్పకపోవడం తెలివి కాదు, యతి. గలుగ-ఘనుఁడు. 'విర్కో' అక్కడ పట్టదు.

గజేంద్రుడు
ఎర్ర రక్త కణాలంటే గుర్తొచ్చింది. వాటికి కేంద్రకం ఉండదని చదువుకున్నాం కదా, మరి రెమాక్ చూసినవి ఎలా విడిపోయాయి?

గాజుపలక
కేంద్రకం లేనిది పూర్తిగా ఎదిగిన క్షీరద ఎర్ర కణానికి. కోడికి ఉంటుంది. మనిషి ఎర్ర కణం సుమారు 120 రోజులు తిరిగి అంతమవుతుంది, అది మరొకదాన్ని కనదు. ఎముక మజ్జలోని మూలకణాలు విడిపోగా పుట్టిన పిల్లలే ఎర్ర కణాలుగా మారతాయి. అంటే 'కణం నుంచి కణం' నిజమే గాని, 'తనవంటి కణం' అని పద్యం ఎక్కడా అనలేదు, గమనించారో లేదో.

సుద్దముక్క
ఆలస్యంగా వచ్చాను. ఆ మూడో పాదం మాకు ఇలా చెప్పారు:

మొదటి కణము మాట మఱి యెవ్వఁ డెఱుఁగును

అన్ని కణాలూ కణాల నుంచే అయితే మొట్టమొదటిది ఎక్కడిదని అల్లరి పిల్లలు అడుగుతారు కదా, వాళ్ళ నోరు మూయించే పాదమిది. నాలుగోది గుర్తు లేదు.

అరసున్న
ఇది ఆ కవిది కాదు. మొదటి రెండు పాదాల్లో యతి అంత శుభ్రంగా వేసినవాడు 'మొ'కు 'మ' వేయడు. హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. 'మునుపెవ్వఁ డెఱుఁగును' అని ఉండాలి.

గజేంద్రుడు
లేదా 'మొదటి'ది కాక 'మూల కణము మాట మునుపెవ్వఁ డెఱుఁగును'. మూల గలం, కణము నగణం, సరిపోయింది. 'పరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం బెవ్వఁడు' అన్న పోతన ఛాయ ఇక్కడ స్పష్టంగా ఉంది. ఈ పద్యకర్త భాగవతం నెమరు వేసినవాడే.

గాజుపలక
అయ్యా, మూలకణం అంటే ఇప్పుడే ఎముక మజ్జలో చూపించాను. దాని మాట ఎవరికీ తెలియదని పిల్లలకు నేర్పితే ఎలా?

గజేంద్రుడు
'మూల' విశేషణం, విడిగా ఉంది. మీది సమాసం.

వలన-కంటె-పట్టి
చదివేటప్పుడు మధ్యలో ఖాళీ వినిపించదు. రెండూ ఒకటే.

హరితరేణువు
అసలు మొదటి కణం గురించి 'వేఱొక రీతిఁ గలుగదు' చెల్లనే చెల్లదు. అది నిర్జీవ పదార్థం నుంచే రావాలి. విర్కో చెప్పింది ఇప్పుడున్న కణాల మాట.

సుద్దముక్క
అందుకే కదా మా మాస్టారు ఆ పాదం చదివి వెంటనే గంట కొట్టారా లేదా అని బయటికి చూసేవారు.

చదువరి
నాలుగో పాదం?

అరసున్న
ఉండండి. మూడో పాదంలో 'డెఱుఁగును' చివర పొల్లు ఉందో లేదో ముందు తేలాలి. 'ఎఱుఁగున్' అంటే సగణం (రెండు లఘువులు, ఒక గురువు), 'ఎఱుఁగును' అంటే నలము (నాలుగు లఘువులు). పాదం చివర ఉండవలసిన ఇంద్రగణం రెండోదే, మొదటిది కాదు.