పార్కు ప్రహరీ మీద కుడ్యచిత్రం వానకు నిలవాలంటే ఏం చేయాలి?

మేము సికింద్రాబాద్ వైపు ఒక పాత కాలనీలో ఉంటున్నాము. ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడలు చిత్రాలతో నిండిన తీరు చూసి ముచ్చటపడి, నిరుడు వేసవిలో మా పార్కు ప్రహరీకి వీధి వైపున కుడ్యచిత్రం వేయించాము. కానీ ఒక్క వానాకాలం గడిచేసరికి నేల నుంచి సుమారు 3 అడుగుల ఎత్తు వరకు రంగు పొక్కి, తెల్లటి ఉప్పు పొడి పైకి తేలి, పెచ్చులుగా రాలిపోయింది. గోడ వెనుక పార్కు మట్టి వీధి కంటే ఎత్తుగా ఉన్నందున తేమ అటు నుంచే దిగుతోందనీ, చిత్రానికి వాడిన యాక్రిలిక్ (ప్లాస్టిక్ తరహా) రంగు పొర దానిని లోపలే బంధించిందనీ నా అనుమానం. మరో కోటు వేస్తే సరిపోతుందని పెయింటరు అంటున్నాడు గానీ, నాకు నమ్మకం లేదు.

సిలికేట్ రంగులు (గోడతో రసాయనికంగా కలిసిపోయే ఖనిజపు రంగులు) గోడలోని తేమను ఆవిరిగా బయటికి పోనిస్తాయి, అయితే అవి పాత యాక్రిలిక్ మీద పట్టవు కనుక గోడనంతా గీకించవలసి ఉంటుంది. హైదరాబాదులో వాటిని వాడిన వారెవరైనా ఉన్నారా? లేక ముందుగా మట్టి వైపు కంకర నింపి, గోడకు నీరు కారే రంధ్రాలు పెట్టించడం మేలా?

మరొక సందేహం కూడా ఉంది. పార్కులోని పెద్ద గ్రానైట్ బండకూ రంగులు వేయాలని కొందరు పట్టుబట్టి, ఒక పక్క ఎనామిల్ పూసేశారు (బండకు బండ అందమే చాలునని నా వాదన). రాయి దెబ్బతినకుండా ఆ ఎనామిల్‌ను తొలగించే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.