పై అధికారికి రాసేటప్పుడు ‘నాకు పెద్దగా తెలియదు సార్’ అనడం అవసరమా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
కొత్తగా చేరిన ఇంజనీరింగ్ అసిస్టెంట్లు పై అధికారికి పంపే సందేశాలు నా దగ్గరికీ వస్తుంటాయి. ‘క్షమించాలి సార్, నాకు పెద్దగా తెలియదు, తప్పయితే ఏమనుకోకండి, ఈ పైపులైను అంచనాలో ఏదో తేడా ఉందేమో.’ ఎండలో నిలబడి టేపు పట్టి కొలిచింది ఆ పిల్లలే. తేడా నిజంగానే ఉంది. తెలిసినవాళ్లే తెలియదని రాస్తే, తీరిక లేని అధికారి ఆ సందేశాన్ని పక్కన పెడతాడు. ‘సార్’ ఉండాలి, నమస్కారం ఉండాలి. ‘నాకు తెలియదు’ మాత్రం పోవాలని నా వాదన. మీరేమంటారు?

పెన్నా గట్టు (కడప):
పర్మనెంటు ఉద్యోగంలో ఉన్నవారు చెప్పడం సులువు అన్నా. నేను ఔట్‌సోర్సింగ్ ఉద్యోగిని. ‘ఈ లెక్క తప్పు’ అని కుండబద్దలు కొట్టినట్లు చెప్పిన మా తోటి అమ్మాయికి ‘నోరెక్కువ’ అని పేరు పెట్టారు. ఒప్పందం పొడిగించే రోజున కూడా ఆ పేరే ముందుకొచ్చింది. అదే మాట మగవాడు అంటే ‘సూటి మనిషి’ అనేవారు.

ఇంకొకటి. అమెరికాలో నార్త్ కరోలినా కోర్టుల్లో సాక్షుల మాటతీరును పరిశీలించి విలియం ఓబార్, బౌమన్ ఆట్కిన్స్ 1980లో ఒక వ్యాసం ప్రచురించారు. నీళ్లు నమలడం ఆడవాళ్ల స్వభావం కాదని, సమాజంలో స్థాయి, కోర్టు అనుభవం తక్కువగా ఉన్న మగవాళ్లూ అలాగే మాట్లాడారని వాళ్లు చూపించారు. బలం లేనందువల్ల మాట అలా వస్తోంది. బలం ఇవ్వకుండా మాట మార్చుకోమంటే ఎలా?

కొండారెడ్డి బురుజు:
ఆ ఓబార్ బృందమే 1978లో ఇంకో పరీక్ష ఫలితాలు ప్రచురించింది తల్లీ. ఒకే సాక్ష్యాన్ని నసుగుతూ ఒకసారి, సూటిగా ఒకసారి రికార్డు చేసి వినిపించారు. విషయం ఒకటే అయినా, సూటిగా చెప్పిన సాక్షినే వినేవాళ్లు ఎక్కువగా నమ్మారు. బలం లేనివాళ్లే నసుగుతారు, నసిగినందుకు ఉన్న కాస్త నమ్మకమూ పోతుంది. నా బాధంతా అదే.

రాత్రి డ్యూటీ (అనంతపురం):
నేను నర్సును. రాత్రి రెండింటికి డాక్టరుకు ఫోన్ చేసి ‘నిద్ర లేపినందుకు సారీ సార్, పేషెంటు కొంచెం అదోలా ఉన్నారు’ అంటే ‘పొద్దున చూద్దాం’ అంటారు. ‘ఏడో బెడ్ బాలింతకు రక్తస్రావం ఆగలేదు, బీపీ 80కి పడిపోయింది, మీరు ఇప్పుడే రావాలి’ అంటే చెప్పులు వెతుక్కుంటారు. ఇందుకు మాకు ఎస్‌బార్ అనే పద్ధతి నేర్పారు. ఇప్పుడేం జరుగుతోంది, దీనికి ముందు సంగతేమిటి, నా అంచనా ఏమిటి, మీరు ఏం చేయాలి, ఈ వరుసలో చెప్పాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో వాడిన పద్ధతి ఆసుపత్రులకు వచ్చింది. ఇందులో నా అంచనా చెప్పడం నా పని. అందుకే అది చెప్పడానికి ఎవరి అనుమతీ అడగను.

సుంకేశుల (కర్నూలు):
బురుజు గారూ, ‘ఏమో’ అనేదంతా తీసేయమనకండి. 2009 అక్టోబరులో మునిగిన ఊరు మనది. ‘ఈ నీటిమట్టం గంట కిందటిది, ఇప్పటికి పెరిగి ఉండవచ్చు’ అని రాయడం బాధ్యత. ‘నాలాంటివాడు చెబితే బాగుండదేమో’ అనడం వేరు. సందేహం నీటి గురించా, మన గురించా అన్నది చూసుకోవాలి.

పెన్నా గట్టు:
ఇది ఒప్పుకుంటాను. కానీ నర్సు అక్కకు ఆ ఎస్‌బార్ పద్ధతి నేర్పింది ఆసుపత్రే. అందుకే ఆమె సూటిగా మాట్లాడితే తలపొగరు అనరు. మా దగ్గర ఎవరు నేర్పారు? ముందు అధికారులు ‘ఇలా రాయండి’ అని చెప్పాలి. కింద ఉన్నవాళ్లే ధైర్యం చేసి మొదలుపెట్టాలంటే, దెబ్బ తగిలేది కూడా వాళ్లకే.

కొండారెడ్డి బురుజు:
నిజమే, పైనుంచే రావాలి. ఒక నమూనా రాశాను: ‘సార్, నమస్కారం. మూడో వార్డు పైపులైను అంచనాలో పొడవు 40 మీటర్లు తక్కువ పడింది. కొలతల పుస్తకం పేజీలు జత చేశాను. సవరణకు అనుమతి ఇవ్వగలరు.’ సోమవారం మా ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారి ముందు పెడతాను.

పెన్నా గట్టు:
ఆయన సంతకంతో సర్క్యులర్‌గా వస్తే నాకూ పంపండి అన్నా, మా అధికారికి చూపిస్తాను. అంతవరకు ఇక్కడి కొత్త పిల్లలకు నేను సూటిగా రాయమని చెప్పను.